కూర్మమ్మ నానబెట్టిన కవర్లు

కూర్మమ్మ దగ్గర చేపలు కొన్నవాళ్ళెవరూ తిట్లు తినకుండా వెళ్ళరు. తిట్టిందని బాధపడ్డవాళ్ళూ లేరు. కళింగపట్నంలో మొగుడు పోతురాజు పడవ దిగగానే గంపతో ఆటో ఎక్కి శ్రీకాకుళం బజారుకొస్తుంది. పాతికేళ్ళుగా అదే పని.

కిందటేడు పాలిథిన్ కవర్లు వాడొద్దన్నారు. ఆ వారమే విజయనగరం నుంచి గిరిబాబు అనే సేల్స్‌మన్ ఆకుపచ్చ కవర్ల కట్టతో దిగాడు.

"మొక్కజొన్నతో చేసినవి పిన్నీ. నీళ్ళలో పడితే కరిగిపోతాయి."

"నా సేపల్నుంచి నీళ్ళు కారతాయి బాబూ. కవరు కరిగి సేప రోడ్డున పడితే నువ్వొచ్చి ఏరతావేటి?"

"అంత తొందరగా కరగవు పిన్నీ!"

"మరెప్పుడు కరుగుతాది?"

గిరిబాబు తడబడి, "రెండు నెలలు" అన్నాడు.

"అయితే కవర్లు రెండిచ్చి ఎల్లు. రెండు నెలలాగి రా."

కూర్మమ్మ ఒక కవరుని పాత వలముక్కలో మూటగట్టి, సముద్రం ఒడ్డున నీళ్ళలో పాతిన కొయ్యకి కట్టమని మొగుడికిచ్చింది. "సేపలకి వలేసేను గానీ కవర్లకి వలెయ్యడం ఇదే మొదలు" అని పోతురాజు గొణిగాడు. రెండోదాన్ని వదిన తవిటమ్మ ఇంటి వెనక, పేడా చెత్తా కుళ్ళి ఆవిరి కక్కే గత్తం కుప్పలో పాతించింది.

రెండు నెలలకి గిరిబాబు వచ్చాడు. కూర్మమ్మ అతని ముందు వలమూట విప్పింది. నాచు పట్టి, చిల్లులు పడినా కవరు కవరులాగే ఉంది. గత్తంలోది మాత్రం పిడికెడు తునకలైంది.

గిరిబాబు కంపెనీకి ఫోన్ చేసి కనుక్కున్నాడు. "కవర్లో పిండి ఉంటుంది పిన్నీ. దాన్ని నీళ్ళలోని సూక్ష్మజీవులు ముందు తినేస్తాయి, అందుకే చిల్లులు. మిగతాది కుళ్ళాలంటే గత్తంలో ఉన్నంత వేడి కావాలట. సముద్రం చల్లగా ఉంటుంది కదా, ఏళ్ళు పడుతుంది. ముక్కలవుతుంది గానీ తొందరగా మాయమవదు."

"అయితే సముద్రాన్ని పొయ్యిమీద పెట్టమంటావేటి?"

బజారంతా గొల్లున నవ్వింది. కూర్మమ్మ అంతటితో వదల్లేదు. గిరిబాబుని పక్కన నిలబెట్టి, వచ్చిన ప్రతివాళ్ళకీ "ఇది గత్తంలో కరుగుతుంది, గెడ్డ నీళ్ళలో పడెయ్యకండి" అని మధ్యాహ్నం దాకా చెప్పించింది. ఆఖరికి అతని ఖాళీ క్యారేజీలో రెండు చందువ చేపలు పెట్టి పంపింది.

ఇప్పుడు గిన్నె తెచ్చుకున్నవాళ్ళకే ముందు చేప. మరిచిపోయినవాళ్ళకి ఆ కవరూ, నాలుగు తిట్లూ. వాడిన కవరు తెచ్చిస్తే తవిటమ్మ కుప్పలోకి పోతుంది. గిరిబాబు ఎక్కడా "నీళ్ళలో కరుగుతాయి" అనడం లేదట. ఆ సంగతి చెప్పినప్పుడల్లా కూర్మమ్మ అతను ఆ రోజు నీళ్ళు నమిలిన మొహం పెట్టి చూపిస్తుంది.