అత్తయ్య తనిఖీ

మెట్రో స్టేషన్లలో లిఫ్టు ఎప్పుడూ మనం దిగిన చోటికి అవతలి చివరే ఉంటుంది. ఎనిమిది నెలల పాపతో, పాప నాలుగు సంచులతో గ్రేటర్ నోయిడా నుంచి ఢిల్లీలోని ద్వారక చేరేసరికి ఈ విషయంలో నేను నిపుణుణ్ణయ్యాను.

వెళ్లింది మా మేనత్త ఇంటికి. సర్కారు ఆఫీసులో ముప్పై ఏళ్లు సర్టిఫికెట్లను ఒరిజినల్స్‌తో సరిచూసి రిటైరైన మనిషి. అలవాటు మాత్రం రిటైరవలేదు. బంధువుల్లో ఎవరికి బిడ్డ పుట్టినా గోడమీది తాతయ్య ఫోటో పక్కన ఎత్తిపట్టి, చెవులు పోల్చి, ఆవిడ "మనదే" అనాలి. అంటేనే ఆ బిడ్డ మా ఇంటి బిడ్డ.

పంజాబీ అమ్మాయిని చేసుకున్నానని ఆవిడ మా పెళ్లికి రాలేదు. ఆ తర్వాత రెండేళ్లు మాటల్లేవు. అందుకే నా భార్య, చేతిలో టీ చల్లారిపోతున్నా, ఆ ఒక్క మాట కోసం కూర్చుంది. దాని అర్థం ముందే చెప్పి తీసుకొచ్చాను.

అత్తయ్య కళ్లజోడు తుడిచి పెట్టుకుంది. పాప కుడిచెవి చూసింది, ఎడమచెవి చూసింది. పాప ఆ కళ్లజోడు లాగేసింది. ఫోటోలోని తాతయ్య ఎప్పట్లాగే జోక్యం చేసుకోలేదు.

"చాయ్ పీ లో, బేటీ," అంది నా భార్యతో. తర్వాత నావైపు తిరిగింది.

"పిల్ల మనదేరా. రెండేళ్లు గడప తొక్కని నువ్వే మనవాడివో కాదో తెలియట్లేదు."