అద్దకం బల్లకు అటూ ఇటూ

పెడన అద్దకం షెడ్డులో వెంకటపతి ముందుగా కొయ్య అచ్చుతో నల్ల గీతలు అద్దుకుంటూ వెళ్తాడు. ఆ గీతల మధ్య కొండలరావు ఎరుపు నింపుకుంటూ వస్తాడు. ఒకే బల్ల, ఒకే గుడ్డ. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ ఇదే పని. చుట్టరికం లేకపోయినా ‘బావా’ అనుకుంటారు. పార్టీలు మాత్రం చెరొకటి. బల్ల దగ్గర మొదలైన వాదన, ఇళ్ళకు వెళ్ళాక స్నేహితుల వాట్సాప్ గ్రూపులో సాగేది.

ఆ షెడ్డులో ఒక మర్యాద ఉంది. గీత పక్కకి పడితే, చూసినవాడు ‘నువ్వు చెడగొట్టావు’ అనడు. ‘అచ్చు జరిగింది’ అంటాడు. అద్దినవాడు ‘అచ్చుదేం లేదు, చెయ్యి నాది’ అని ఒప్పుకుంటాడు. అక్కడితో సరి. ఎవరు పెట్టిన మర్యాద అని అడిగితే వెంకటపతి, “ఏమోనండీ. తిట్టుకుంటా కూర్చుంటే రంగు ఆరిపోద్ది కదా” అన్నాడు.

ఫోన్ పట్టుకున్నప్పుడు అతనికి ఆ మర్యాద గుర్తురాలేదు. మురుగు కాలువ పూడిక గురించి గ్రూపులో మాటామాటా పెరిగినప్పుడు, అవతలి పార్టీకి ఓటేసినవాళ్ళంతా ‘పింఛనుకి అమ్ముడుపోయిన బాపతు’ అని రాశాడు. కొండలరావు తల్లి అంకమ్మకు వచ్చేది పింఛనే.

మర్నాడు బల్ల దగ్గర కొండలరావు, “వెంకటపతి గారూ, కాస్త జరగండి” అన్నాడు. ఆ వారం చివర షెడ్డు యజమానురాలు సత్యవతమ్మతో, ఈ గుడ్డ తాను అయిపోయాక బందరులో ఇంకో షెడ్డుకు వెళ్ళిపోతానని చెప్పాడు.

వెంకటపతి ఇంటికొచ్చి భార్య నాగలక్ష్మి దగ్గర మొత్తుకున్నాడు.

“రాజకీయం అన్నాక ఓ మాట అనుకుంటాం. ఆడు నన్ను ఎన్నన్లేదు?”

“నిన్నన్నాడు. మీ అమ్మనన్నాడా?”

“అంకమ్మత్తని నేనెప్పుడన్నానే?”

“పేరు రాయలేదంతే. ఆవిడ పంపిన రొయ్యల పచ్చడి తింటానే రాశావు గదయ్యా! పార్టీ మారమన్లేదు నిన్ను. ఆ మాట తీసెయ్యి.”

తీసెయ్యబోతే ఫోన్ ఒప్పుకోలేదు. అందరి దగ్గరా చెరిపే గడువు దాటిపోయింది. అప్పుడు కింద ఇలా రాశాడు: ‘కాలువ సంగతిలో నా మాట నాదే. అమ్ముడుపోయారన్న మాట దగ్గర మాత్రం చెయ్యి నాది. కొండలరావుకీ అంకమ్మత్తకీ చెప్తున్నా.’

సెల్ ఫోన్ల కొట్టు అయ్యప్పకు ఇదేం అర్థం కాలేదు. ‘చెయ్యేంటి మావయ్యా, కొత్తగా ఆ గుర్తు పార్టీలోకెళ్ళావా?’ అని నవ్వే బొమ్మలు పెట్టాడు. తక్కినవాళ్ళూ అవే బొమ్మలు పెట్టారు. కొండలరావు ఏమీ పెట్టలేదు.

మర్నాటికి ఆ తాను చివరికొచ్చింది. అంచు దగ్గర వెంకటపతి అద్దిన పువ్వొకటి పక్కకి పడింది. కావాలనే పడేశాడని షెడ్డులో కొందరంటారు. అతను ఒప్పుకోడు. కొండలరావు ఆ పువ్వు దాకా వచ్చి ఆగాడు.

“అచ్చు జరిగింది, బావా.”

“అచ్చుదేం లేదు. చెయ్యి నాది.”

“చదివాన్లే. అమ్మక్కూడా చదివి వినిపించా.” కొండలరావు ఎరుపులో అచ్చు ముంచాడు. “కానీ బావా, ఆ పూడికంతా మీవాళ్ళ హయాంలో పేరుకున్నదే.”

“నీ మొహం! మీవాళ్ళు ఎప్పుడన్నా పార పట్టారా?”

సత్యవతమ్మ బందరు మాటెత్తకుండా ఇంకో తాను తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇద్దరూ చెరో కొస పట్టుకుని పరిచారు, వాదన ఆపకుండానే.