పొత్తిళ్లు విప్పిన షాట్

లైట్లు సరిచేస్తుండగా పాప బోర్లా పడింది. మెడ దాకా పొత్తిళ్లు బిగించి, సెట్లో వేసిన మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టిన పిల్ల, మేం చూసేసరికి ముఖం పరుపుకి ఆనించి ఉంది. తల్లి సరళ ఒక్క అంగలో వెళ్లి ఎత్తుకుంది. పాప ఏడవలేదు. చుట్టూ చూసి బోసినవ్వు నవ్వింది. సెట్టంతా చప్పట్లు. బోర్లా పడింది కాబట్టి బొబ్బట్లు పంచాల్సిందేనని లైట్‌మెన్ అక్కడికక్కడే తీర్మానించారు.

తొంభైల మొదట్లో నేను ఒక దినపత్రికకు ఫిల్మ్‌నగర్ విలేకరిని. షూటింగులు చూసి వారానికో పేజీ నింపడం నా పని. ఆ సినిమాలో సరళ హీరోయిన్‌కు హెయిర్ డ్రెస్సర్, ఉండేది బోరబండలో. కథకు పురిటి బిడ్డ కావలసివస్తే, నెల దాటిన తన కూతుర్ని తెచ్చింది. హీరోయిన్ బిడ్డతో గుమ్మం దాకా వచ్చే షాట్ మొదటి షెడ్యూల్లో తీశారు. హీరో డేట్లు దొరక్క రెండో షెడ్యూల్ వెనక్కి జరిగింది. లోపల మంచం మీద పడుకోబెట్టే షాట్ నాటికి పాపకు నాలుగో నెల. కథలో మాత్రం గడిచింది నాలుగడుగులు. ముందు షాట్లో ఏది ఎలా ఉందో తర్వాతి దాంట్లోనూ అలాగే ఉండాలి, దాన్నే కంటిన్యుటీ అంటారు. అందుకని ఉదయం సరళే కూతుర్ని అదే గుడ్డలో చుట్టింది.

చప్పట్లు ఆగాక దర్శకుడు మళ్లీ చుట్టమన్నారు. సరళ పొత్తిళ్లు విప్పి పాపను భుజాన వేసుకుంది.

"ఇగ చుట్టను సార్. మల్ల బోర్ల పడితే చేతులు కట్టేసుంటయ్, తల ఎట్ల లేపుతది?"

ఆయన గొంతు పెంచలేదు. గుమ్మం దగ్గరి షాట్లో గుడ్డలో ఉన్న చేతులు ఇక్కడ బయటికొస్తే జనం నవ్వుతారన్నారు. సాయంత్రం హీరోయిన్ మద్రాసు వెళ్లిపోవాలి, మర్నాడు ఆ సెట్టు ఉండదు. ఒక్క నిమిషమే కదమ్మా అని కో-డైరెక్టర్ బతిమాలాడు. సరళ పాపను కిందికి దించలేదు.

"సరళక్క చుట్టనంటే నేనూ పడుకోబెట్టను సార్. నవ్వితే నవ్వనీండి" అంది హీరోయిన్.

దర్శకుడు పాప వంక చూశారు. "మనందరికంటే ముందు ఇదే రెండో షెడ్యూల్‌కి సిద్ధమైందయ్యా" అని నవ్వేశారు.

చేతులు బయటే ఉంచి తీశారు. పాప హీరోయిన్ గొలుసు పట్టుకుని వదల్లేదు. ఆమెకు నిజంగానే నవ్వొచ్చింది. ఒక్క టేకులో ఓకే. మధ్యాహ్నం భోజనాల్లోకి ప్రొడక్షన్ వాళ్లు బొబ్బట్లు తెప్పించారు. సరళకు రెండు ఎక్కువేశారు.

మా పత్రికలో శిశు సంరక్షణ శీర్షిక రాసే డాక్టరుగారిని పొత్తిళ్లు ఎప్పుడు మానాలని ఆ సాయంత్రమే అడిగాను. బోర్లా పడే ప్రయత్నం ఇంకా కనిపించకపోతే, ముందు ఒక చెయ్యి, కొన్నాళ్లకు రెండోది బయట ఉంచి మెల్లగా మాన్పించవచ్చట. ప్రయత్నం మొదలయ్యాక ఆ రోజే పూర్తిగా మానెయ్యాలి, పడుకోబెట్టేది మాత్రం వెల్లకిలానే అన్నారు. సరళకు చెప్పాను. కొన్ని రాత్రులు పాప ఉలిక్కిపడి లేచిందట. తర్వాత చేతులు బార్లా చాపుకుని నిద్రపోయేదట.

పొత్తిళ్లు ఎప్పుడు మానాలో పిల్లే చూపిస్తుందని, చూపించినప్పుడు చేస్తున్న పని ఆపాలని ఆ షూటింగులో తెలుసుకున్నాను.

సినిమా బాగానే ఆడింది. గుమ్మం బయట మెడ దాకా చుట్టి ఉన్న బిడ్డ, మంచం దగ్గరికొచ్చేసరికి రెండు చేతులా గొలుసు లాగుతుంది. మధ్యలో ఎవరు విప్పారో కథ చెప్పదు. అడుగుతూ మా పత్రికకు ఒక్క ఉత్తరమూ రాలేదు. ప్రేక్షకులు గమనించలేదో, గమనించి ఊరుకున్నారో ఇప్పటికీ తెలియదు.