నిప్పులక్క చేతిలో తీగ

ఆ వీధిలో ఆవిణ్ణి అందరూ నిప్పులక్క అనేవాళ్ళు. కోపం తక్కువేం కాదనుకోండి, కానీ పేరొచ్చింది వెల్డింగు వల్ల. ఇంటి ముందు రేకుల షెడ్డు. సగం ఆవిడ వెల్డింగు మిషనుది, సగం మొగుడి కుట్టు మిషనుది. రవ్వలు ఎగిరొచ్చి జనం జాకెట్లకి చిల్లులు పెట్టకుండా మధ్యలో ఓ ఇనుప రేకు నిలబెట్టారు. ఆడమనిషి ఇనుము అతుకుతుంటే మగాడు గుండీలు కుడతాడేంటని మొదట్లో నవ్వినవాళ్ళున్నారు. ఆ నవ్వినవాళ్ళ గేట్లు ఆవిడే అతికింది, వాళ్ళ పంట్లాములు ఆయనే కుట్టాడు. నవ్వు దానంతటదే సర్దుకుంది.

ఆవిడ అతుకు పెడితే చూసి తీరాలి. జడ అల్లినట్టు, ఒకదాని మీద ఒకటి ఒదిగి ఒదిగి పడేది. సుత్తితో కొట్టి చూడమని వచ్చినవాళ్ళ చేతికే సుత్తి ఇచ్చేది. కొట్టినవాడి చెయ్యి నొప్పెట్టేది గానీ అతుకు కదిలేది కాదు.

అలాంటిది, మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది, వణుకు మాత్రం ఉండిపోయింది. టీ గ్లాసు పట్టుకుంటే సగం టీ చీరకే. అదైనా పర్లేదు. వెల్డింగు రాడ్డు ఏమో మూరెడు పొడుగు. పట్టుకున్న చోట చెయ్యి ఇంత వణికితే అవతలి కొస అంత ఊగుతుంది. అతుకు ఒక చోట కుప్పపడేది, ఇంకో చోట పైపు కాలి కన్నం పడేది.

"కాకి రెట్టలేసినట్టుందే అమ్మాయ్," అంది అత్తగారు, అతుకు చూసి. ఆవిడ నోటికి తాళం ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు. "పంచర్ల వాడు షెడ్డు అద్దెకి అడుగుతున్నాడు. ఇచ్చేసి కూర్చో. ఇప్పుడు కాకపోతే ఎప్పుడు కూర్చుంటావ్?"

"కూర్చుంటే మీ పక్కనే కూర్చోవాలిగా అత్తయ్యా. దానికంటే నిప్పులే నయం."

పైకి అలా అంది గానీ, చూపు షెడ్డు మూలనున్న పైపుల మీదికే పోయింది. ఆస్పత్రి వాళ్ళు పిల్లల వార్డుకి మంచాలు చేయమని పైపులు దింపి వెళ్ళారు. పల్చటి పైపులు. ముందు ఒక మంచం చేసి చూపించాలి, నచ్చకపోతే పైపులు పట్టుకుపోతారు. చూపించడానికి చెయ్యి నిలవాలి. నిలవకపోతే పంచర్ల వాడే గతి.

అప్పుడు ఆవిడ బుర్రలో తీగ మిషను మెదిలింది. అందులో రాడ్డు ఉండదు. చుట్టలోంచి సన్నటి తీగ చేత్తో పట్టుకునే గన్నులోకి దానంతటదే వస్తుంది. చెయ్యి అతుకు పక్కనే ఉంటుంది, మణికట్టు దేనికైనా ఆనించుకోవచ్చు. ఆనిస్తే ఇంక వణుకెక్కడ?

"కొత్తది కొందామా?" అన్నాడు మొగుడు.

"షెడ్డు అమ్మి మిషను కొని, దాన్ని మీ నెత్తి మీద పెట్టుకుంటారా? ఉన్నదాన్నే మారుస్తా."

మార్చింది మహాతల్లి. పాత మిషను కరెంటు అటూ ఇటూ ఊగే రకం, తీగకేమో ఒకే వైపు నడిచే కరెంటు కావాలి. అల్యూమినియం రేకుకి పెద్ద పెద్ద డయోడ్లు బిగించి, చల్లారడానికి ఫ్యాను పెట్టి, కరెంటుని ఒక దారికి తెచ్చింది. గ్యాసు అక్కర్లేని తీగ తెచ్చింది. తీగని లాగడానికి పాత సామాన్ల కొట్లో లారీ వైపరు మోటారు దొరికింది. తీగ జారే గొట్టానికి సైకిలు బ్రేకు తీగ తొడుగు సరిపోయింది. గన్ను ఒక్కటే కొన్నది.

ఇంతకీ అసలు తెలివి ఎక్కడ చూపించిందంటే, మోటారుకి వేరే బ్యాటరీ పెట్టలేదు. మంట దగ్గరి కరెంటునే దానికీ ఇచ్చింది. మంట సాగితే మోటారు జోరందుకుని తీగని తోస్తుంది, మంట కుదించుకుపోతే నెమ్మదిస్తుంది. అడిగినంతే వడ్డించే మనిషిలా అన్నమాట. మంట అంటుకోకముందు పిచ్చిపట్టినట్టు తిరగకుండా మధ్యలో ఓ అడ్డు కూడా వేసింది.

బటను నొక్కింది. చిటపటమని అంటుకుంది. వేలెడు అతుకు చక్కగా పడింది. అంతలోనే టక్కున గన్ను మూతి వెళ్ళి పైపుకి అతుక్కుపోయింది. లాగి, గీకి, మళ్ళీ మొదలెట్టింది. మళ్ళీ వేలెడు, మళ్ళీ టక్కు.

మోటారు విప్పింది. తీగని నొక్కే చక్రాలు వదులు చేసింది, బిగించింది. వైర్లు అటువి ఇటు మార్చింది. ఏం చేసినా అదే తంతు.

"ఇంకేముంది, ఆ మోటారు లారీలోనే ఉంటే అద్దం తుడుచుకోవడానికైనా పనికొచ్చేది," అంది అత్తగారు గుమ్మంలోంచి. ఆస్పత్రి వాళ్ళు వచ్చేది మర్నాడే.

నిప్పులక్క మళ్ళీ గన్ను మూతి గీకడం మొదలెట్టింది. మొగుడు కుట్టు మిషను వదిలి లేచొచ్చి, మంట చూడ్డానికి అడ్డం పెట్టుకునే రెండో నల్లద్దం తీసుకున్నాడు.

"ఇంకోసారి కానియ్. ఈసారి మిషను సంగతి నాకొద్దు, నిన్నే చూస్తా."

"ఇన్నాళ్ళూ చూసింది చాల్లేదా?"

అంటించింది. అతుకు కదిలింది, టక్కుమంది. ఆయన అద్దం దించాడు.

"మిషను బంగారంలా ఉందే. తప్పు నీ చేతిది."

"వణుకుతోందా?"

"వణకట్లేదు. దిగుతోంది. అతుకు ముందుకెళ్ళే కొద్దీ నీ చెయ్యి కిందకి కిందకి పోతోంది."

ఆవిడ తన చెయ్యి వంక కొత్త మనిషిని చూసినట్టు చూసుకుంది. నిజమే. రాడ్డు కాలుతూ కురచబడుతుంటే దాని వెనకే చెయ్యి దింపడం పెళ్ళికి ముందు నుంచీ అలవాటు. నిద్రలో కూడా దింపుతుంది. ఇక్కడ తీగ వేరే దిగుతోంది, పైనుంచి చెయ్యీ దిగుతోంది. రెండూ కలిసి తోస్తే అతుక్కోక చస్తుందా?

"నా సూది చూడు. సూదే దిగుతుంది, నేను దిగను. నా చేతులు బట్ట వెంట పక్కకి జరుగుతాయి, అంతే," అన్నాడు ఆయన.

"అబ్బో! గుండీలు కుట్టేవాళ్ళు నాకు వెల్డింగు నేర్పుతారా?" అంటూనే చెక్కదిమ్మ ఒకటి పైపు పక్కన పెట్టి, తోలు ముక్క పరిచి, దాని మీద మణికట్టు ఆనించింది. దిమ్మ అడ్డుంటే దిగాలన్నా దిగలేదు.

మొదటిసారి రెండు వేళ్ళంత వెళ్ళింది. అక్కడ పాత బుద్ధి లాగింది, దిమ్మ ఒప్పుకోలేదు. ఆ తర్వాత చెయ్యి పక్కకి జరిగింది, జరిగింది, పైపు చుట్టూ తిరిగొచ్చింది. అద్దం ఎత్తి చూస్తే ఏముంది, మళ్ళీ అదే జడ. కాస్త సన్నటి జడ.

అత్తగారు గుమ్మం దిగి, కళ్ళు చికిలించి, అతుకు చల్లారిందో లేదో చూడకుండా వేలు పెట్టబోయింది.

"కాలుద్ది అత్తయ్యా!"

"కాలితే కాలనీలే. కాకి ఎగిరిపోయినట్టుందే."

నిప్పులక్క చెమట తుడుచుకుని, మొగుడి కేసి తిరిగింది.

"చూస్తూ నిలబడ్డారేంటండీ? ఆ రెండో పైపు ఇటు పట్టుకోండి. నాలుగు కాళ్ళూ పొద్దు వాలేలోపు నిలబెట్టాలి."