వెల్లకిలా నడిచే పురుగు

మే నెల మూడో మంగళవారం, పొద్దున తొమ్మిదిన్నర. గట్టు దగ్గర మా కౌలు చేను పక్కన, పెంటకుప్ప మీద నా కొడుకు విషపు గుళికలు చల్లుతున్నాడు. నేను సద్ది పట్టుకుని వెళ్లేసరికి సగం కుప్ప మీద చల్లడం అయిపోయింది. రెండెకరాల పల్లికి మాకున్న ఎరువంతా అదే.

వాడి భయం నాకు తెలియనిది కాదు. పోయినేడు పల్లి చెట్లు నిలువునా వడలిపోయాయి. పీకితే వేర్లు లేవు, మట్టిలో కొడవలిలా వంగిన తెల్లటి పురుగు. ఆ పొద్దున ఎరువు ట్రాక్టర్‌కు ఎత్తుతుంటే అలాంటివే బయటపడ్డాయి. వీడు ఫోన్‌లో ఫొటో పంపాడు. పురుగుమందుల దుకాణం మనిషి గుళికల సంచి వేసుకుని వచ్చాడు. బండి మీదినుంచి దిగలేదు.

"ఆపురా," అన్నాను.

"నీకు తెల్వదు, ఊకో అమ్మా. పోయినేడు తిన్నది గిదే."

నాకు తెలుసు. యాభై దాటాక నాకు అక్షరాలు నేర్పిన సైన్సు సారు చెప్పాడు. ఈ తెల్ల పురుగులు పెంకుపురుగుల పిల్లలే. పెంకుపురుగులన్నిటిదీ ఒకే పాత వంశం. రాక్షసబల్లులు కూడా పుట్టకముందే వాటి తాతలకు ముందు జత రెక్కలు గట్టిపడి పెంకులయ్యాయి. ఆ పెంకుతో బెరడు కిందికి, మట్టిలోకి, పేడలోకి దూరాయి. దూరిన చోటల్లా ఒక శాఖ చీలింది. మిరప ఆకు మీద వాలే, వలలాంటి రెక్కలున్న పచ్చ పురుగు కూడా వాటికి దూరపు చుట్టమేనట. వేరు తినేదీ పేడ తినేదీ దాయాదులు, పిల్లలప్పుడు ఒకేలా ఉంటాయి, మొహం కాదు నడక చూడమన్నాడు. నేను నమ్మలేదు. మూడు వానాకాలాలు పట్టి చూశాకే నమ్మాను. కొడుక్కి మాత్రం ఒక్కసారీ చూపించలేదు. ఆ కోపం నా మీద నాకే.

సద్దిగిన్నె మూత నేల మీద పెట్టి ఒక పురుగును వేశాను. అది దొర్లి వెల్లకిలా తిరిగి, కాళ్లు పైకెత్తి వీపుతో పాకుతూ అంచు దాకా పోయింది. ఇంకో నాలుగు వేశాను. అన్నీ అంతే.

"చూసినవా? వేరు తినేది గిట్ల పోదు, పక్కకు ముడుసుకొని పడుంటది. గిది కుళ్లిన పేడ తిని మన ఎరువును మెత్తగ చేస్తది."

దుకాణం మనిషి నవ్వాడు. "వెల్లకిల పోతేంది, బోర్ల పోతేంది పెద్దమ్మా. పురుగు పురుగే గద."

"గట్లయితే ఎద్దూ కుక్కా ఒకటే. రెంటికీ నాలుగు కాళ్లే. పోయి కుక్కను నాగలికి కట్టుకో."

పక్కన పారతో ఉన్న నా కోడలు నవ్వు కనిపించకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను సంచి లాక్కుని కూడబలుక్కుంటూ చదివాను. పంటల పేర్లున్నాయి. పెంటకుప్ప పేరు లేదు.

"ఏడ రాసుందో చూపియ్యి."

"అందరు ఏస్తుండ్రు," అన్నాడు, బండి స్టార్ట్ చేస్తూ.

మందు పడిన సగాన్ని ముట్టనివ్వలేదు. పురుగులన్నీ చచ్చి నల్లబడ్డాయి. ఆ ఏడు ఒక ఎకరం ఎరువు లేకుండానే విత్తాం. నా కోపం ఇంకా తగ్గలేదు, తగ్గించుకోను కూడా.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: గుళికలు చల్లిన నా కొడుకు, వద్దనలేక పార పట్టుకు నిలబడ్డ నా కోడలు, ఎరువు ఎత్తడం ఆపి చూస్తూ కూర్చున్న ట్రాక్టర్ డ్రైవరు, అమ్ముకుని పోయిన దుకాణం మనిషి, ఆలస్యంగా వచ్చిన నేను.