కొంచెమే వినపడనివాళ్లు

ముందు ఆ మోత వినిపిస్తుంది. గుంయ్‌మని మొదలై, గది గోడల్ని ఒకసారి తడిమి, కిటికీ అద్దం దగ్గర సన్నబడి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగిపోతుంది. ఆ తర్వాతే తలుపు తెరుచుకుంటుంది. తెల్లకోటు వేసుకున్న పొట్టి మనిషి, చేతిలో రెండు కాళ్ల శ్రుతిదండంతో బయటికొచ్చి, బల్లల మీద కూర్చున్నవాళ్లను కళ్లతోనే పలకరిస్తుంది.

"ఎవరమ్మా ముందు? తోసుకోకండి. చెవులు ఎక్కడికీ పారిపోవు."

పిల్లలు ఆవిడకు గుంయ్‌మేడం అని పేరు పెట్టారు. పెద్దవాళ్లకూ అదే అలవాటైంది. ఆవిడకు మాత్రం అభ్యంతరమేముంది? రోజూ పని మొదలుపెట్టే ముందు శ్రుతిదండాన్ని మోకాలి మీద కొట్టి, ఆ మోత పూర్తిగా ఆరిపోయేదాకా కళ్లు మూసుకుని వింటుంది. అదయ్యాకే కాఫీ.

ఆవిడ ఉద్యోగమంతా పెద్దాసుపత్రి చెవి విభాగంలోనే గడిచింది. మోగే శ్రుతిదండాన్ని చెవి వెనక ఎముకకు ఆనించడం, తర్వాత చెవి ముందు పట్టుకోవడం, ఎక్కడ గట్టిగా వినిపించిందో అడగడం. ఎముక దగ్గరే గట్టిగా ఉందంటే, బయటి శబ్దానికి దారిలో ఏదో అడ్డం పడినట్టు. ఆవిడ చెప్పాక వినికిడి మిషనుతో పరీక్ష జరిగేది, మిషను కూడా అదే మాట చెప్పేది. ఏళ్ల తరబడి అలా జరిగేసరికి ఆవిడకు శ్రుతిదండం మీద తోబుట్టువు మీదున్నంత నమ్మకం కుదిరింది.

అసలు తోబుట్టువు విషయంలోనే తిరకాసు వచ్చింది.

తమ్ముడు రెడీమేడ్ బట్టలు కుట్టే షెడ్డులో మిషన్లు బాగుచేస్తాడు. వరసగా కుట్టు మిషన్లు గడగడలాడుతుంటే మధ్యలో నడుచుకుంటూ పోయి, ఒకదాని ముందు ఆగి, "దీనికి నలతగా ఉంది" అనేవాడు. విప్పి చూస్తే నిజమే అయ్యేది. ఆ షెడ్డులో అతని పరువంతా చెవిలోనే ఉంది. ఈమధ్య మాత్రం నలతగా ఉన్న మిషన్ల పక్కనుంచి హాయిగా నడిచి వెళ్లిపోతున్నాడు. "ఇంకొక్కటి వదిలేశావంటే గోడౌనులో మూటలు మోసుకో" అని యజమాని తెగేసి చెప్పాడు.

అక్క తమ్ముడి ఇంటికే వచ్చి, అందరి ముందు పరీక్ష చేసింది. రెండు చెవులకూ చెవి ముందే గట్టిగా వినిపించింది.

"వీడి చెవులు బంగారం. వీడికున్నది బద్ధకం," అని తీర్పు చెప్పేసింది.

"మరి చెత్తబుట్ట బయట పెట్టమంటే ఎందుకు వినపడదు వదినా?" అంది మరదలు.

"అది చెవి జబ్బు కాదమ్మాయ్. మొగుళ్ల జబ్బు."

ఇల్లంతా నవ్వింది. తమ్ముడు కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. అక్క అది చూసింది. చూసి, శ్రుతిదండం జేబులో పెట్టుకుని వచ్చేసింది.

అప్పటికే ఆవిడ రిటైరై, వీధి చివరి చిన్న క్లినిక్కులో చేరి ఉంది. అక్కడే చిక్కొచ్చిపడింది. ఆవిడ బాగుందన్న చెవిని అద్దాల గదిలో మిషను బాగాలేదంటోంది. అప్పుడప్పుడూ అయితే సరే. వారం వారం అదే గొడవ.

"డాక్టరుగారూ, మీ మిషను పాడైంది," అందావిడ.

డాక్టరమ్మ వయసులో చిన్నది, ఓపికలో పెద్దది. "అలాగైతే ఎవరికైనా చూపిద్దామమ్మా," అంది.

గుంయ్‌మేడానికి తెలిసిన మెకానిక్కు ఒక్కడే. మిషనంటే మిషనే కదా అని తమ్ముణ్ని రమ్మంది. అతను స్క్రూడ్రైవర్ల సంచీతో వచ్చి, అద్దాల గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వినిపించినప్పుడల్లా చెయ్యెత్తుతూ కూర్చున్నాడు. చివరికి ముఖం వెలిగిపోతూ బయటికొచ్చాడు.

"దొరికిందక్కా! ఎడమవైపు బాగానే పలుకుతోంది. కుడివైపు సన్నటి శబ్దాలు అసలు రావట్లేదు. వైరెక్కడో తెగుంటుంది."

"చెప్పానా!" అంటూ ఆవిడ ఆ హెడ్‌ఫోన్లు తను పెట్టుకుంది.

కుడివైపు మొదటి శబ్దం వచ్చింది, దూదిమీద చినుకు పడినంత మెత్తగా. రెండోదీ వచ్చింది. మూడోదీ వచ్చింది. అద్దం అవతల తమ్ముడు, ఏ వైరు తెగిందో తేల్చమన్నట్టు ఆశగా చూస్తున్నాడు. ఆవిడ హెడ్‌ఫోన్లు తియ్యలేదు. శబ్దాలన్నీ అయిపోయినా అలాగే కూర్చుంది.

డాక్టరమ్మ అతని కుడి చెవిలోకి లైటు వేసి చూసింది. "జలుబు చేసిందా ఆమధ్య? కర్ణభేరి వెనక కాస్త నీరు చేరింది. చాలావరకు తగ్గిపోయేదే. తగ్గకపోతే ముక్కు వెనక కూడా చూద్దాం."

"నా శ్రుతిదండానికి ఎందుకు దొరకలేదు?" అంది గుంయ్‌మేడం. గొంతులో పౌరుషం ఉంది.

"పెద్దాసుపత్రిలో మీ దగ్గరికి ఎవరొచ్చేవారమ్మా?"

"వినపడనివాళ్లు. వాళ్లను తీసుకొచ్చినవాళ్లు. వాళ్ల చెవులూ చూసేదాన్ని."

"మరి కొంచెమే వినపడనివాళ్లు?"

ఆవిడ మనసులో లెక్కేసుకుంది. కొంచెం దానికి అంతదూరం ఎవరొస్తారు? టీవీ సౌండు పెంచుకుని ఇంట్లోనే కూర్చుంటారు. ఆవిడ చూసినవాళ్లలో సగంమంది చెవులు బాగా దెబ్బతిన్నవి, సగంమందివి నిక్షేపంలాంటివి. నడుమ ఉండాల్సిన పెద్ద గుంపు ఆవిడ గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు.

"వాళ్లంతా ఇక్కడికొస్తున్నారు," అంది డాక్టరమ్మ. "అడ్డం బాగా ఉంటే మీ శ్రుతిదండం పట్టేస్తుంది. కాస్తే ఉంటే దాని కళ్లుగప్పి పోతుంది. అది మారలేదమ్మా. దాని ముందు కూర్చునేవాళ్లు మారారు."

తమ్ముడు పకపకా నవ్వాడు. "ఆగిపోయిన మిషనుకి జబ్బుందని ఎవడైనా చెబుతాడక్కా. నడుస్తున్నదాని నలత పట్టుకోవడమే కష్టం."

"నోర్మూసుకోరా," అంది అక్క. కళ్లు మాత్రం తుడుచుకుంది.

మర్నాడు ఆవిడ కూడా షెడ్డుకి వెళ్లింది. యజమాని అప్పటికే ఒక మిషను దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కుట్టు తప్పుతోంది, ఎందుకో ఎవరికీ అంతుబట్టలేదు. "ఇదే ఆఖరు," అన్నాడు. తమ్ముడు వంగి విన్నాడు. చుట్టూ గడగడల్లో ఏమీ తేలలేదు. అతని మెడ మీద చెమట పట్టింది.

"చెవితో వినకురా," అంది అక్క. "స్క్రూడ్రైవరు కొన మిషనుకి ఆనించి, పిడి చెవి వెనక ఎముక మీద పెట్టు. నీ దారిలో ఉన్న నీళ్లు దానికి అడ్డం రావు."

అతను అలాగే పెట్టాడు. కొనను ఒక్కో చోటికీ జరుపుతూ పోయాడు. కింద దారపు కండె తిరిగే షటిల్ దగ్గర ఆగి కళ్లు మూసుకున్నాడు, అచ్చం పొద్దున పూట అక్క మూసుకునేట్టే.

"ఇక్కడ. టిక్కుమంటోంది."

విప్పితే విరిగిన సూది కొన, బియ్యపుగింజంత కూడా లేదు. యజమాని దాన్ని అరచేతిలో వేసుకుని చూశాడు. "గోడౌనులో మూటలు మోయడానికి ఇంకెవర్నైనా చూడాలి," అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. ఆయన నోట అంతకు మించిన మెచ్చుకోలు ఎవరూ వినలేదు.

ఆ సాయంత్రం తమ్ముడి ఇంట్లో, మళ్లీ అందరి ముందు, "వీడిది బద్ధకం కాదు. తప్పు నాది," అని అక్క చెప్పింది. కొన్నాళ్లకు నీరు తగ్గింది. చెత్తబుట్ట సంగతి అడిగితే మాత్రం మరదలు ఇప్పటికీ నిట్టూరుస్తుంది.

ఆవిడ కథ రాసుకోవడానికి వచ్చినవాళ్లు, ఇంకా ఆ శ్రుతిదండం ఎందుకమ్మా అని అడిగారు. ఆవిడ దాన్ని మోకాలి మీద కొట్టి, మోత ఆరిపోయేదాకా వింది. తర్వాత ఎదుటి కుర్చీ చూపించింది.

"కూర్చోండి, మీ చెవులూ చూస్తాను. దీని మాట ఎంతవరకు నమ్మాలో తెలియాలి కదా, ముందు ఒక్కమాట చెప్పండి. మిమ్మల్ని ఎవరైనా పంపించారా, మీ అంతట మీరే వచ్చారా?"