మల్లికకే ఇచ్చిన ఖో

2023 మే నెల. నారాయణగూడలో మా బడి మైదానంలో ఆడపిల్లలకు వేసవి ఖో-ఖో శిబిరం నడుపుతున్నాను. నేను సర్కారు బడిలో పీఈటీని, అంటే వ్యాయామ ఉపాధ్యాయురాలిని. ఇన్నేళ్లలో ఎన్ని పోటీలు చూశానో లెక్క లేదు. కానీ కప్పు లేదు, సర్టిఫికెట్ లేదు, ఆ శిబిరం చివరి ఆట గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ నాకు కూర్చున్న చోట కాలు నిలవదు!

శిబిరం మొదలైన వారంలోనే అశోక్‌నగర్ నుంచి ఒక తల్లి తన పదకొండేళ్ల కూతురు సాహితిని తీసుకొచ్చింది. రెండో తరగతి తర్వాత బడి మాన్పించి ఇంట్లోనే చదువు చెబుతోందట. హోమ్‌స్కూలింగ్ అన్నమాట. వినగానే నాకు చిర్రెత్తింది. పిల్లలు నలుగురిలో పెరగాలనే కదా బడులు కట్టింది! నోటిదాకా వచ్చిన మాటను ఆమె ముఖం చూసి మింగేశాను.

"చదువుకు ఫికర్ లేదు మేడం, లెక్కలు పై తరగతివి చేస్తది" అంది ఆమె. "కానీ దానికి ఒక్క దోస్తు లేదు. ఈ నెల చూస్త. పిల్లలతోని కలిస్తే జూన్‌ల మీ బళ్లెనే వేస్త. కలవకుంటే ఇంట్లనే ఉంచుకుంట. మళ్ల బడికి పంపి పరేషాన్ చెయ్యను."

సరే, చూద్దాం అనుకున్నాను. సాహితి ఆట నియమాలన్నీ చదువుకుని వచ్చింది. పరుగులో దాన్ని పట్టేవాళ్లు లేరు. కానీ ఆట ఆగితే చాలు, గోడ పక్కకు పోయి నిలబడేది. అప్పుడు మల్లిక దాని దగ్గరికి వెళ్లింది. మల్లిక మా బడి పిల్లే. తండ్రి మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వచ్చిన మేస్త్రి, చిక్కడపల్లిలో కడుతున్న అపార్ట్‌మెంట్‌లో పని.

"ఎండల ఏం నిలవడ్తవ్? వచ్చి నా పక్కన కూసో" అంది మల్లిక. అంతే, ఆ రోజు నుంచి ఇద్దరూ ఒక్కటే జట్టు. నీళ్ల సీసా ఒకటే, జామకాయ ముక్క ఒకటే. ఆ తల్లి సంతోషం అంతా ఇంతా కాదు. జూన్‌లో అడ్మిషన్ ఖాయమని నేనూ లోలోపల గంతులేశాను.

తంటా ఆటలో వచ్చింది. ఖో-ఖోలో తరిమే జట్టువాళ్లు ఎనిమిది మంది వరుసగా కూర్చుంటారు. తొమ్మిదో మనిషి చేజర్. అవతలి జట్టు పిల్ల చేజర్‌కు అందకుండా పోతే, కూర్చున్నవాళ్లలో దగ్గరున్న ఒకరి వీపు తట్టి "ఖో" అనాలి. వాళ్లు లేచి తరుముతారు. సాహితి మాత్రం ఎవరు దగ్గరున్నా దాటేసి, ఆ చివరన ఉన్నా సరే, పోయి మల్లిక వీపే తట్టేది.

"మల్లికకొక్కదానికే వీపుందా మేడం? మాకు లేదా?" అని జట్టులోని ఫర్హానా మండిపడింది.

నేను అరిచాను, ఈల వేశాను, ముద్దుగా చెప్పాను. "మల్లిక నా ఫ్రెండ్ కదా మేడం" అనేది సాహితి. మిగతా పిల్లలు ఒక్కొక్కరే దానితో మాట్లాడటం మానేశారు.

చివరి రోజు ముషీరాబాద్ పిల్లలతో ఆట, రెఫరీ నేనే. సాహితి తల్లి కూడా చూడటానికి వచ్చి గట్టు మీద కూర్చుంది. మా వాళ్లు మొదటి సగంలో బాగా వెనకబడ్డారు. విరామంలో మల్లిక సాహితి చెయ్యి పట్టుకుని నా ముందే అంది:

"ఇగ నాకు ఖో ఇయ్యకు."

సాహితి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "కోపమొచ్చిందా?"

"కోపమెందుకే? మా నాయిన పని అయిపోయింది. ఈ ఐతారం పటాన్‌చెరు దిక్కు పోతున్నం. నేను పోయినంక ఎవరికిస్తవ్? నేను ఎన్ని బళ్లు మారిన్నో. ఏ బళ్లెకు పోయినా పేరు తెల్వని పిల్లకే ముందు ఖో ఇస్త. గట్లనే దోస్తులైతరు. పో, ఫర్హానాకియ్యి!"

 విరామం అయిపోయిందని ఈల వేశాను.

ఇక రెండో సగం! సాహితి ఫర్హానాకు ఖో, ఫర్హానా ఇంకొకరికి ఖో, మళ్లీ సాహితికి ఖో! మూలన ఇరుక్కున్న అవతలి జట్టు పిల్లను లటుక్కున పట్టేశారు. వెంటనే ఇంకో పిల్ల! మైదానం బయట సోడా బండి దగ్గరివాళ్లు కూడా గేటు పట్టుకుని కేకలు. నేను రెఫరీనన్న సంగతి మరిచి గంతులేశాను. ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం!

వెంటనే రచ్చ మొదలైంది. "జర జల్ది ఇస్తే గెలుస్తుంటిమి!" అని ఫర్హానా. "నువ్వే లేటుగ లేచినవ్!" అని సాహితి, నడుం మీద చేతులు పెట్టుకుని. మధ్యలో మిగతా పిల్లలు దూరి తలా ఒక మాట. సాహితి తల్లి కంగారుగా లేచి పరిగెత్తబోతే చెయ్యి పట్టి ఆపాను.

"కొట్లాడుకోనియ్యండమ్మా."

ఆమె కాసేపు చూసింది. "ఇంట్ల ఎవరితోని కొట్లాడ్తది మేడం, నేనొక్కదాన్నే కదా" అని నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ.

బడి గోడల్లో పడేస్తే దోస్తులు వాళ్లే దొరుకుతారని అంతవరకూ నా ధీమా. ఒక్క దోస్తు దొరికితే చాలని ఆ తల్లి ఆశ. ఇద్దరికీ తెలియనిది మల్లికకు తెలుసు. ఊరు వదిలిపోయే ముందు దోస్తుకు ఏం ఇచ్చి పోవాలో ఆ పిల్ల చేసి చూపించింది.

జూన్‌లో సాహితి మా బడిలో చేరింది. మొదటి రోజు ప్రార్థన గంట కొట్టకముందే, లైన్లో ఎవరు ముందు నిలబడాలని ఫర్హానాతో గొడవ పెట్టుకుంది. టీచర్ ఇద్దరినీ పట్టుకుని నా దగ్గరికి పంపితే, తిడదామని నోరు తెరిచి పకపకా నవ్వేశాను.